నైరుతి కన్నం

రాస్ అల్ ఖైమాలో చలి అంటే నాకు నవ్వొస్తుంది. జనవరిలో, అదీ తెల్లవారుజామున, పన్నెండో పదమూడో డిగ్రీలు. దానికే మనవాళ్లు మంకీ క్యాపులు, స్వెట్టర్లు బయటికి తీస్తారు, చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఎడారికొచ్చి కూడా చలి చలి అని వణికే జనం మనమే అనుకుంటా. అలాంటి చలికి, నీళ్ల మీద తేలే ఓ చెక్క లాంచీలో, ఇంగ్లండు వాళ్లు వాడే ఇనప పొయ్యి పెట్టించిన మహానుభావుడు మా చెల్లెలి మొగుడు సిద్ధార్థ్.

ఇది 2016 నాటి సంగతి. సిద్ధార్థ్‌ది హనుమకొండ. దుబాయ్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సేల్స్ మేనేజరు. మా చెల్లెలు శ్రీసుధ, అతనూ షార్జాలో, అల్ నహ్దాలో ఉండేవాళ్లు. నేను అదే వీధిలో రెండు బిల్డింగుల అవతల ఉండేవాణ్ణి. నా పేరు వీరరాఘవరావు, మాది కాకినాడ. ఉద్యోగం సేఫ్టీ ఆఫీసరు. ట్యాంకుల్లోకి, పెద్ద గొట్టాల్లోకి దిగే పనివాళ్లకి దిగొచ్చో లేదో చెప్పేవాణ్ణి నేనే. లోపలి గాలి కొలవకుండా ఒక్కణ్ణి కూడా దిగనిచ్చేవాణ్ణి కాదు. నా మాట వినకుండా దిగినవాడు ఆ రోజుకి ఖలాస్, సైటు బయటికే. నన్ను చూస్తే అందరికీ హడల్. నాకది బాగుండేది, దాచడమెందుకు.

సిద్ధార్థ్ రోజూ రాత్రి భోంచేసి కంప్యూటర్లో వీడియోలు చూసేవాడు. ఇంగ్లండులో పడవల్లోనే కాపురముండే వాళ్ల వీడియోలు. చిన్న గది, చిన్న పొయ్యి, అందులో కట్టెల మంట, బయట మంచు. చూసి చూసి ఇతనికీ బుర్రలో పురుగు తొలిచింది. రాస్ అల్ ఖైమాలో సముద్రపు పాయ, క్రీకు అంటారు, దాని చివర ఇంజను పీకేసిన పాత చేపల లాంచీ ఒకటి కొన్నాడు. దేశం విడిచి వెళ్లిపోతున్న ఓ తెల్లాయన దగ్గర పొయ్యి కొన్నాడు. మోకాలెత్తుండే ఇనప డబ్బా, ముందు అద్దం తలుపు, పైకి పొగగొట్టం. లాంచీ గదిలో దాన్ని బిగించింది వెల్డింగ్ షాపు పఠాన్ ఒకతను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పొయ్యికి ఎదురు మూలలో గోడకి అరచేయంత కన్నం కోసి, సిద్ధార్థ్‌తో అన్నాడు.

"ఇస్కో కభీ బంద్ మత్ కర్నా సాబ్. ఆగ్ భీ సాఁస్ లేతీ హై."

దీన్ని ఎప్పుడూ మూయొద్దట, మంట కూడా ఊపిరి పీల్చుకుంటుందట. ఆ లాంచీ వ్యవహారం మొత్తంలో తెలివైన మాట అదొక్కటే, అన్నది చదువురాని మనిషి.

తర్వాత రంగంలోకి రామచంద్రరావుగారు దిగారు. సిద్ధార్థ్ వాళ్ల బిల్డింగులో ఆరో అంతస్తు. పగలు ఆడిటరు, సాయంత్రం వాస్తు పండితుడు. ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి, అద్దె ఇళ్లలో మంచాలు జరిపిస్తుంటాడు. లాంచీకి కూడా వాస్తు చూశాడు! పొయ్యి వాయవ్యంలో పడిందన్నాడు. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి కదా. ఇల్లయితే పొయ్యి జరపాలి, ఇది పడవ కాబట్టి పడవనే తిప్పాలన్నాడు. నలుగురు బెంగాలీ కూలీల్ని పెట్టి, తాళ్లు కట్టి, సగం రోజు కష్టపడి సిద్ధార్థ్ లాంచీని ముందుది వెనక్కి తిప్పించాడు. పొయ్యి ఆగ్నేయానికొచ్చింది. ఈ కథ నేను ఆఫీసులో చెప్తే మా ముదీర్, అంటే మేనేజరు, ఆయన జోర్డాన్ వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వించినందుకు నాకు గర్వంగా ఉండింది.

పాలు పొంగించే ముహూర్తం గురువారం సాయంత్రం ఐదున్నరకి. అవును, లాంచీకి గృహప్రవేశం. సిద్ధార్థ్ కారు షెడ్డులో ఉందని శ్రీసుధ బతిమాలితే నా కారులోనే తీసుకెళ్లాను. సైటు నుంచి తిన్నగా వచ్చి వాళ్లని ఎక్కించుకోవడంతో వెండి గీతల నీలం జాకెట్టు ఒంటిమీదే ఉండిపోయింది.

గది లోపల ఇద్దరు పడుకునే చెక్క బల్ల, ఓ స్టూలు, పొయ్యి. వార్నిషు వాసన, దాని కింద ఎన్నేళ్లదో చేపల వాసన. పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో పాలు పెట్టి శ్రీసుధ ఊదుతోంది. చలిమంట కాచుకుంటూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు సిద్ధార్థ్. ఎదురు మూల చూశాను. కన్నం లేదు. కన్నం ఉన్నచోట ప్లైవుడ్ ముక్క, చుట్టూ తెల్లటి సిలికాన్ బంక.

"మొన్ననే మూపిచ్చిన బావా," అన్నాడు సిద్ధార్థ్, నా చూపు పట్టుకుని. "పడవ తిప్పినంక ఆ బొక్క నైరుతిలకొచ్చింది గదా. నైరుతిల బొక్క ఉంటే యజమానికి ప్రాణగండమట. రామచంద్రరావు సార్ ఒకటికి రెండుసార్లు ఫోన్ జేసి మరీ చెప్పిండు."

నాకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. పాలు పొంగాయి, చుయ్యిమని ఇనుము మీద పడ్డాయి, మాడిన వాసన గదంతా నిండింది. ఇద్దరూ చేతులు జోడించారు.

"ఇవాళ రాత్రి ఇక్కడే నిద్ర చెయ్యాలన్నయ్యా," అంది శ్రీసుధ. "పాలు పొంగించాక వదిలేసి వెళ్లకూడదు కదా. ఈ పొయ్యితో ఏం ఫర్వాలేదు కదూ? నువ్వు సేఫ్టీ ఆఫీసరువి."

సూటిగా అడిగింది. చెప్పాల్సింది ఒక్క మాట. కన్నం తెరవండి, అంతే. చాకు పెట్టి గీస్తే రెండు నిమిషాల పని. నా కారులో గాలి కొలిచే పరికరం కూడా ఉంది, అగ్గిపెట్టెకి రెండింతలుంటుంది, లోపల పెట్టినా సరిపోయేది.

"నన్నెందుకడుగుతావు? మీ రామచంద్రరావుగార్ని అడుగు," అన్నాను.

దాని మొహం చిన్నబోయింది. సిద్ధార్థ్ మాత్రం పెద్దగా నవ్వేశాడు. అతను నోరంతా తెరిచి నవ్వుతాడు, ఎవరేమన్నా పట్టించుకోడు. "బావ ఊకె మజాక్ జేస్తడు," అన్నాడు.

నా లెక్క నాది. కన్నం మూస్తే పొగ వెనక్కి కొడుతుంది. గంటలో ఇద్దరూ దగ్గుకుంటూ, కళ్లు నులుముకుంటూ బయటికొస్తారు. అప్పుడు వెళ్లి ఆ ప్లైవుడ్ పీకి చేతిలో పెడదాం, వాస్తు పండితుడికి కూడా చూపించుకోమందాం అనుకున్నాను. అది చూడాలని ఉండింది. అందుకే ఇంటికి పోకుండా, గట్టు మీద రెండు వందల అడుగుల దూరంలో కారాపుకుని, సీటు వెనక్కి వాల్చి కూర్చున్నాను. లాంచీ పొగగొట్టంలోంచి సన్నగా పొగ. గుండ్రటి కిటికీలో ఎర్రటి వెలుగు. ఎవరూ దగ్గలేదు. నిద్రపట్టేసింది.

* * *

బీప్... బీప్... బీప్...

కళ్లు తెరిచేసరికి కారు అద్దాల అవతల తెల్లగా ఉంది. ఐదూ నలభై. పొగమంచు. బోనెట్టు కూడా కనిపించనంత మంచు. పక్కనే ఉన్న క్రీకు లేదు, దీపాల స్తంభాలు లేవు. ఆ బీప్ నా ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు అరలోంచి వస్తోంది.

అర తీశాను. గాలి కొలిచే పరికరం. దాన్ని నేను ఆపేసి పెట్టాను. బటను మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే తప్ప అది ఆన్ అవదు. తెర మీద ఎర్రగా అంకె. కార్బన్ మోనాక్సైడ్, మంట విడిచే విషవాయువు, నలభై.

కారు ఇంజను ఆపే ఉంది. అద్దాలు మూసే ఉన్నాయి. చుట్టుపక్కల మంట లేదు.

అరవై రెండు.

చవకబారు సామాను కొంటారు మా కంపెనీవాళ్లు, సెన్సరు చచ్చింది అని తిట్టుకుంటూ కిందికి దిగాను. ఆరుబయట, చల్లటి గాలిలో, చెయ్యి చాపి పట్టుకున్నాను. సున్నాకి రావాలి.

నూట పది. నూట ఎనభై...

అప్పుడు లాంచీ వైపు నుంచి నవ్వు వినిపించింది.

మగ నవ్వు. పెద్దది కాదు. ముక్కులోంచి వచ్చే చిన్న నవ్వు. ఎదుటివాడు తెలివితక్కువ పని చేస్తుంటే పక్కన నిలబడి నవ్వే నవ్వు. సిద్ధార్థ్ అలా నవ్వడు. కానీ నేనెక్కడో విన్నాను. చాలాసార్లు విన్నాను.

మంచులోకి నడిచాను. ఉప్పు వాసన, డీజిలు వాసన, కుళ్లిన చేప వాసన. ముక్కు ఎగబీల్చాను. పొగ వాసన లేదు. అయితే ఆరిపోయి ఉంటుందిలే అనుకుని నాలుగడుగులు వేశాను.

ఐదో అడుగు పడలేదు. సాయంత్రం లాంచీ మెట్ల దగ్గర చూసిన గోనెసంచి కళ్ల ముందుకొచ్చింది. బార్బెక్యూకి వాడే బొగ్గులు. రాత్రంతా వెచ్చగా ఉండాలని పడుకునే ముందు కట్టెల మీద బొగ్గు పోసుంటాడు. కట్టెకి పొగ వస్తుంది, మనిషి లేస్తాడు. బొగ్గుకి పొగ ఉండదు. వాసనుండదు. మనిషి లేవడు. ఇది నేను ఏడాదికి రెండొందల మందికి పాఠం చెప్పేవాణ్ణి. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి.

పరుగెత్తాను.

గట్టు అంచు కనిపించట్లేదు. తాడు చేతికి తగిలింది, అది పట్టుకుని లాంచీ మీదికి దూకాను. చెక్కంతా తడి. ఫోను టార్చి వేసి కిటికీ దగ్గర మొహం పెట్టాను. అద్దం లోపలంతా చెమ్మ. మధ్యలో ఎవరో వేలితో తుడిచినట్టు గుండ్రంగా ఓ చోటు.

లోపల పొయ్యి ఎర్రగా ఉంది.

పొయ్యి ముందు స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వీపు నా వైపు. కాస్త ముందుకు వంగి, తీరిగ్గా... పట్టకారుతో బొగ్గులు సర్దుతున్నాడు. సిద్ధార్థే అనుకున్నాను. బతికే ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

టార్చి వెలుగు అతని వీపు మీద పడింది.

రెండు వెండి గీతలు తళుక్కుమన్నాయి. నీలం జాకెట్టు.

నా ఒంటి మీద ఉన్నలాంటిదే.

"ఎవరది..." అద్దం మీద కొట్టాను. "తలుపు... తలుపు తియ్యి..."

అతను తిరగలేదు. కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి వెనక్కి చూపించాడు. ఆగు అన్నట్టు. ట్యాంకు మూతి దగ్గర పనివాళ్లని నేనాపే తీరు అది. మొహం కూడా చూడక్కర్లేదు వాళ్లవి... చెయ్యెత్తితే చాలు.

తలుపు దగ్గరికి పరుగెత్తాను. లోపలి గడియ వేసి ఉంది. భుజంతో గుద్దాను. మళ్లీ గుద్దాను. చేతిలో పరికరం గోలగోలగా అరుస్తోంది. లోపల్నుంచి ఏదీ లేదు... దగ్గు లేదు, మూలుగు లేదు.

ట్రిక్.

గడియ దానంతటదే జారింది. తలుపు తెరుచుకుంది.

అదే క్షణంలో పరికరం అరుపు ఆగిపోయింది. తెర మీద అంకె చూశాను.

సున్నా.

ఊపిరి బిగబట్టి లోపలికెళ్లాను. స్టూలు ఖాళీ. పొయ్యిలో ఎర్రదనం లేదు. చీకట్లో తూలి ఎడమచెయ్యి పొయ్యి మీద ఆనించాను. ఎప్పుడో ఆరిపోయినట్టు చల్లగా ఉంది.

శ్రీసుధ బల్ల మీద ఉంది. బుగ్గలు ఎర్రగా, పెళ్లినాడు కూడా లేనంత రంగు. రెండు చంకల కింద చేతులు వేసి బయటికీడ్చాను. మంచులో దాని గుండె మీద చెవి పెట్టాను. ఉంది. చాలా దూరంగా ఉంది. గాలి పీల్చుకుని మళ్లీ లోపలికెళ్లాను.

సిద్ధార్థ్ బల్ల మీద లేడు. నైరుతి మూల నేల మీద, గోడకి మొహం ఆనించి బోర్లా పడి ఉన్నాడు. ప్లైవుడ్ చుట్టూ సిలికాన్ గీరుకుపోయి ఉంది. అతని గోళ్ల కింద తెల్లటి ముక్కలు. రెండు గోళ్లు లేవు.

అతనికి తెలిసింది. చివర్లో అతనికే తెలిసింది, ఎవరూ చెప్పకుండానే. నేను తెలివితక్కువవాడనుకున్న మనిషి, ఆ మత్తులో, ఆ చీకట్లో పాక్కుంటూ సరైన చోటికే వెళ్లాడు. ఆ రెండు గోళ్లు చూసినప్పుడు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. సిద్ధార్థ్, లెయ్యి, లెయ్యి నాన్నా అని ఏడుస్తూ ఈడ్చాను.

* * *

అంబులెన్సుకి మంచులో దారి దొరకడానికి పాతిక నిమిషాలు పట్టింది. వెనకే ఫైరింజను. వాళ్లలో ఒకతను తన మీటరుతో లోపలికెళ్లి చూసొచ్చి, వెయ్యి దాటింది అన్నాడు. నా పరికరం అతనికి చూపించాను. ఇప్పటికీ సున్నా. అతను దాన్ని తట్టి, నావైపోసారి చూసి, తిరిగిచ్చేశాడు.

లోపల ఇంకో మనిషి ఉన్నాడా అని అడిగాను. లేడన్నాడు. ఆ గదికి వేరే దారి కూడా లేదన్నాడు.

సిద్ధార్థ్ మధ్యాహ్నం రెండింటికి పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు. డాక్టరు నాతో ఇంగ్లీషులో చెప్పి, మీ చెల్లెలికి మీరే చెప్పండి, ఇప్పుడే స్పృహ వచ్చింది అన్నాడు.

వార్డులో శ్రీసుధకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. నర్సు మన నరసాపురం అమ్మాయి, మరియకుమారి. పొద్దుట్నుంచీ దాని పక్కనే ఉంది. నన్ను చూడగానే మా చెల్లెలు మంచంలో గోడ వైపు జరిగింది. దగ్గరకెళ్తే ఇంకా జరిగింది. మాస్కు పక్కకి లాగింది.

"ఆయనేరి?"

మాస్కు తియ్యకమ్మా, అన్నాను.

"తలనొప్పిగా ఉందన్నయ్యా, తలుపు తియ్యనా అన్నాను కదా నీతో," అంది. గుసగుసగా, ఒక్కో మాటా కూడబలుక్కుని. "వద్దన్నావు. నేనున్నాను కదా, గాలి చూస్తున్నాను, పడుకోమన్నావు. సేఫ్టీ ఆఫీసరువి కదా అని... పడుకున్నాను."

"నేను రాలేదమ్మా. నేను కారులో ఉన్నాను."

"స్టూలు మీద కూర్చున్నావు. బొగ్గు వేశావు. ఆయన కన్నం దగ్గరికి పాకుతుంటే... చూస్తూ నవ్వావు."

"గ్యాసు తలకెక్కితే లేనివన్నీ కనిపిస్తాయమ్మా. డాక్టర్నడుగు," అన్నాను. అప్పుడు కూడా చదువు చెప్తున్న గొంతే వచ్చింది నాకు. తెలియనివాళ్లకి విడమరిచి చెప్పే గొంతు.

"పొయ్యి తలుపు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నావు," అంది. "నేనే లేచి పేస్టు రాశాను కదన్నయ్యా... మర్చిపోయావా?"

కళ్లు మూసుకుంది. మాస్కు సరిచేసి మరియకుమారి నావైపు తిరిగింది. నా కుడిచెయ్యి ఆసుపత్రికొచ్చినప్పట్నుంచీ పిడికిలి బిగించే ఉందని అప్పుడే చూసుకున్నాను.

"ఏదండీ, చెయ్యి ఇలా ఇవ్వండి," అంటూ తనే ఒక్కో వేలూ విప్పింది. "అయ్యో! ఇంత బొబ్బ పెట్టుకుని చెప్పరేంటండీ? ఇది ఇప్పుడు కాలింది కాదు, పది గంటలైనా అయ్యుంటుంది. ఎంత చెప్పినా మనవాళ్లు వినరు కదా. కాలినచోట టూత్‌పేస్టు రాయకూడదండీ."

ఆమె సింకు దగ్గరికి తీసుకెళ్లి, ఎండి అట్టకట్టిన ఆ తెల్లటి పూత మీద నీళ్లు వదిలింది. అంతవరకూ లేని మంట అప్పుడు మొదలైంది.